పండగ వారమొస్తే పాఠాలు మూలపడాలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను చిత్తూరు దగ్గర ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచర్ని. ఈ ఏడాదే ఉద్యోగంలో చేరాను. ఒకటి నుంచి ఐదు వరకు అన్ని తరగతులూ కలిపి 34 మంది పిల్లలు, మేం ఇద్దరం టీచర్లం. సంక్రాంతి సెలవులకు ముందు వారమంతా సాంస్కృతిక వారోత్సవం చేద్దామని, శుక్రవారం తల్లిదండ్రుల్ని పిలిచి స్టేజీ ప్రోగ్రాం పెడదామని మా హెచ్ఎం గారు అన్నారు. ముగ్గుల పోటీ, వేషాలు, డాన్సులు అన్నీ నాకే అప్పగించారు. నా మూడో తరగతిలో ఇంకా గుణింతాల దగ్గర తడబడేవాళ్ళున్నారు, కూడికలు రానివాళ్ళున్నారు. రిహార్సల్స్ మొదలుపెడితే రెండు వారాల చదువు పోతుంది. డాన్స్ బాగా వచ్చినవాళ్ళు నలుగురే. ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు నలుగురు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు ముగ్గురు ఉన్నారు. వాళ్ళను ఇందులో ఎలా కలుపుకోవాలో తెలియడం లేదు. వద్దంటే, కొత్తగా వచ్చి ఎదురు చెబుతోంది అనుకుంటారేమో అని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక టీచరు, చిత్తూరు జిల్లా

సమాధానం: అమ్మా, మీ హెచ్ఎం గారికి వద్దని చెప్పకండి. వారోత్సవం చేయండి. కాకపోతే స్టేజీని శుక్రవారం చివరి గంటకు కుదించండి. మిగతా నాలుగున్నర రోజులూ ఆ పండగనే పాఠంగా చెప్పండి. సంక్రాంతిలో కూడికలున్నాయి, కొలతలున్నాయి, మొక్కలున్నాయి, ఉత్తరం రాయడం ఉంది. పాఠం ఒకవైపు, పండగ ఒకవైపు అనుకుంటేనే చదువు పోయేది. ఇన్నేళ్ళుగా బడుల్లో నేను చూస్తున్నది ఇదే. నలుగురు పిల్లలు ఎగురుతుంటారు, ముప్పై మంది గోడవారగా కూర్చుని చూస్తుంటారు. ఆ ముప్పై మందికి ఆ వారంలో చదువూ లేదు, పండగా లేదు. మీ ఉత్తరం చదవగానే నాకు ముందు వాళ్ళే గుర్తొచ్చారు.

ముగ్గుతో మొదలుపెట్టండి. పోటీ వద్దు. పోటీ పెడితే ఇంట్లో అక్కో అమ్మో నేర్పిన ఇద్దరికి ప్రైజులొస్తాయి, మిగతావాళ్ళు 'నాకు రాదు' అని పక్కకు పోతారు. దానికి బదులు సోమవారం పొద్దున వరండా అలికించి, లేదా కడిగించి, పిల్లల్ని ఐదారుగురు చొప్పున గుంపులు చేయండి. ఒక్కో గుంపులో ఒకటో తరగతి పిల్ల నుంచి ఐదో తరగతి పిల్లవాడి వరకు ఉండాలి. మగపిల్లలు కూడా చుక్కలు పెట్టాలి. 'మాకెందుకు మిస్' అంటారు, అననివ్వండి. పిండి చేతిలో పడ్డాక వాళ్ళే లేవరు.

ఏడు చుక్కలు, నాలుగు వచ్చేవరకు, సందు చుక్క. ఈ మాట మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. నడుమ వరసలో ఏడు, దానికి పైన ఆరు, ఐదు, నాలుగు, కింద కూడా అంతే. మొత్తం ఎన్ని చుక్కలు? ఒకటో తరగతి పిల్లలు వేలితో తాకుతూ లెక్కపెడతారు. రెండో తరగతివాళ్ళు వరసల అంకెలు పలక మీద రాసుకుని కూడతారు: 4, 5, 6, 7, 6, 5, 4. మూడో తరగతివాళ్ళను కాసేపు ఆగి చూడమనండి. పైనున్న నాలుగుకి కింద నాలుగు జోడీ, ఐదుకి ఐదు, ఆరుకి ఆరు. ఆ జోడీలన్నీ కలిస్తే 30, నడుమ ఏడు కలిపితే 37. ఈ జోడీలు మీరు చెప్పకండి. ఒకరు 36 అంటారు, ఇంకొకరు 37 అంటారు, వాదులాట మొదలవుతుంది. దాన్ని ఆపకండి. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి వాళ్ళే వరస వరసా మళ్ళీ లెక్కపెడతారు. మీరు బోర్డు మీద పది కూడికలు ఇచ్చినా ఇన్నిసార్లు సరిచూసుకోరు. తర్వాత పెద్దవాళ్ళకు, తొమ్మిది చుక్కలు, ఐదు వచ్చేవరకు అయితే ఎన్నో ముందే చెప్పి ఆపైన పెట్టి చూడమనండి. 61 రావాలి.

చుక్కల చుట్టూ మెలికల ముగ్గు వేయిస్తే ఇంకో లాభం ఉంది. గీత ఎక్కడ మొదలైందో తిరిగి అక్కడికే వచ్చి కలవాలి. ఒక చుక్క తక్కువైనా, పక్కకు జరిగినా గీత కలవదు. తప్పుందని మీరు చెప్పనక్కర్లేదు, ముగ్గే చెబుతుంది. ఒక పక్క రెండో పక్కలా ఉందా లేదా అని అద్దం పెట్టి చూపించండి. సౌష్ఠవం అనే పాఠానికి ఇంతకంటే మంచి సాధనం బజారులో దొరకదు. ఒక మూల బియ్యప్పిండితో, ఇంకో మూల సుద్దపొడితో చిన్న ముగ్గులు వేయించి ఉంచండి. మధ్యాహ్నానికి చీమలు దేని దగ్గరికి వచ్చాయో చూసి నోట్‌బుక్‌లో రెండు వాక్యాలు రాయమనండి. మన అవ్వలు బియ్యప్పిండితోనే ఎందుకు వేసేవాళ్ళో ఆ రెండు వాక్యాల్లో పిల్లలే చెబుతారు.

సోమవారమే ఇంకో పని మొదలుపెడితే శుక్రవారం దాకా రోజూ కాసేపు సాగుతుంది. మీటరు పొడవున్న కర్రను ఎండలో నిటారుగా పాతండి. నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి వేలాడదీసి చూసుకోవచ్చు. మధ్యాహ్నం 12 గంటల నుంచి పది నిమిషాలకోసారి నీడ కొనకు గుర్తు పెట్టించండి. 12కే నీడ అన్నిటికంటే పొట్టిగా ఉంటుందని పెద్ద తరగతులవాళ్ళు పందెం కాస్తారు. ఉండదు. మన దగ్గర జనవరి మొదట్లో 12.20 ప్రాంతంలో ఉంటుంది. మన గడియారం దేశమంతటికీ ఒకటే. అది కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని పట్టి నడుస్తుంది. చిత్తూరు దానికి పడమర ఉంది కాబట్టి సూర్యుడు మన దగ్గర మిట్టమధ్యాహ్నానికి కాస్త ఆలస్యంగా వస్తాడు. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన పదమూడు నిమిషాలు అలా వస్తాయి. మిగతా ఆరేడు నిమిషాల తేడా భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగకపోవడం వల్ల, దాని అక్షం వంగి ఉండడం వల్ల వస్తుంది. ఐదో తరగతికి ఇంత చెబితే చాలు. చిన్నవాళ్ళు నీడ కొలిస్తే చాలు, అది 71, 72 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. సోమవారం కొలిచినదానికంటే శుక్రవారం సెంటీమీటరు పైచిలుకు తగ్గుతుంది. సూర్యుడు ఉత్తరానికి జరుగుతున్నాడని పిల్లలు స్కేలు పట్టుకుని చూసినట్టవుతుంది. 'మరి ఉత్తరాయణం సంక్రాంతికి కదా మిస్, ఇప్పుడే ఎలా జరుగుతున్నాడు?' అని ఎవరైనా అడిగితే ఆ పిల్లను మెచ్చుకోండి. సూర్యుడు తిరిగేది డిసెంబర్ 21, 22 తేదీల్లో. పంచాంగం నక్షత్రాలను బట్టి లెక్కగడుతుంది కాబట్టి మకర సంక్రమణం జనవరి 14, 15కు వస్తుంది. ఇంట్లో పెద్దలు చెప్పింది తప్పు అనే మాట మాత్రం మీ నోట రానివ్వకండి. రెండు లెక్కలున్నాయి, రెండూ తెలుసుకుందాం అనండి.

మంగళవారం ఆహ్వానపత్రాలు. ప్రెస్సులో కార్డులు కొట్టించవద్దని హెచ్ఎం గారిని అడగండి. 34 మంది పిల్లలూ వాళ్ళ ఇంటికి వాళ్ళే రాస్తారు. ఒకటో తరగతి బొమ్మ గీసి పేరు రాస్తే సరిపోతుంది. మూడో తరగతి మూడు వాక్యాలు: ఎవరికి, ఎప్పుడు రావాలి, నేను ఏం చూపిస్తాను. ఐదో తరగతి తేదీ, సంబోధన, సంతకంతో పూర్తి ఉత్తరం. ముందు చిత్తులో రాయించి, తప్పులు మీ పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించి, తర్వాత మంచి కాగితం మీద రాయించండి. గుణింతాల దగ్గర తడబడేవాళ్ళున్నారన్నారు కదా, వాళ్ళకు ఈ వారం మొత్తంలో పనికొచ్చే పీరియడ్ ఇదే. మీకు చూపించి టిక్కు వేయించుకునే నోట్సులో కొమ్ము పోయినా, దీర్ఘం పోయినా వాళ్ళకు పట్టదు. అమ్మకు ఇచ్చే కాగితంలో పోతే పడుతుంది. చదువురాని తల్లి ఉంటే బిడ్డే చదివి వినిపించాలి, ఆ సంగతి పిల్లకు ముందే చెప్పి రెండుసార్లు చదివించి పంపండి.

అదే రోజు మధ్యాహ్నం వంట చేసే అక్క దగ్గరికి మూడు, నాలుగు తరగతులను తీసుకెళ్ళండి. ప్రాథమిక తరగతుల్లో పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం లెక్క. అందరూ వస్తే 3 కిలోల 400 గ్రాములు. ఈరోజు ఆరుగురు రాలేదు, ఎంత పోయాలి? తక్కెడ మీదో, కొలత గ్లాసుతోనో వాళ్ళ చేత కొలిపించండి. ఇంట్లో చక్కెర పొంగలికి ఎన్ని గ్లాసుల బియ్యానికి ఎంత పెసరపప్పు, ఎంత బెల్లం వేస్తారో మర్నాడు అడిగి రమ్మనండి. ఇంటింటికీ తేడా ఉంటుంది. దాన్ని బోర్డు మీద పట్టికగా రాస్తే అదే పాఠం.

ఇక్కడే మీ తమిళం పిల్లలు, ఉర్దూ పిల్లల సంగతి. వాళ్ళ కోసం వేరే 'ఐటెం' పెట్టకండి. ఒక్క తమిళ పాట, ఒక్క ఉర్దూ పద్యం పెట్టి చప్పట్లు కొట్టించేస్తే వాళ్ళు ఎవరో బయటివాళ్ళన్నట్టు ఉంటుంది. మన జిల్లాలో వాళ్ళు బయటివాళ్ళు కారు. కుప్పం నుంచి నగరి వరకు ఏ సంతకు పోయినా రెండు మూడు భాషలు వినిపిస్తాయి. తమిళం మాట్లాడే ఇంట్లో అదే రోజు పొంగల్ పొంగిస్తారు. ఆ తల్లుల్లో ఒకరిని పిలిచి కొలతలు చెప్పించుకోండి. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో సంక్రాంతి చేయరు. కానీ చెరకు నరికేవాళ్ళు, వేరుశనక్కాయ పీకేవాళ్ళు, ఆవులు మేపేవాళ్ళు ఆ ఇళ్ళలోనూ ఉన్నారు. కాబట్టి వారోత్సవానికి 'పంట ఇంటికొచ్చే వారం' అని పేరు పెట్టమని మీ హెచ్ఎం గారితో చెప్పి చూడండి. పేరు అలా ఉంటే ఆ ముగ్గురూ మొదటి రోజు నుంచే లోపలివాళ్ళు. ఇంటి దగ్గర ఎవరు ఏ భాషలో చెప్పినా, పిల్ల దాన్ని బడికి వచ్చి తెలుగులో చెప్పడం కూడా భాష నేర్చుకోవడమే.

బుధవారానికి నాకు బాగా ఇష్టమైన విషయం ఒకటి చెబుతాను. కనుమ నాడు మన పల్లెల్లో పశువులకు ఉప్పుచెక్క పెడతారు. అడవికి పోయి మద్ది చెక్క, నేరేడు చెక్క, మోదుగ పూలు, నల్లేరు, మారేడు కాయల్లాంటివి తెచ్చి, ఉప్పు వేసి దంచి, పశువుల చేత తినిపిస్తారు. ఏడాదికోసారి వాటికి వేసే మందు అది. మీ ఊళ్ళో అందులో ఏమేం వేస్తారో, ఊరికీ ఊరికీ ఏం తేడా ఉందో పుస్తకంలో దొరకదు. తాతలను అడగాలి. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళను బడికి పిలవండి. కొమ్ములకు రంగు ఎందుకు, కనుమ నాడు అంటించే కంపల కుప్పను, అదే చిట్లాకుప్పను, ఎక్కడ వేస్తారు, చంద్రగిరి దగ్గరి రంగంపేటలో పశువుల పండగకు కొమ్ములకు పలకలు ఎలా కడతారు అని పిల్లలు అడగాలి. ప్రశ్నలు ముందురోజే రాయించి పెట్టుకోండి, లేకపోతే అందరూ ఒకేసారి అరుస్తారు. మహాభారత నాటకాలు ఆడే భారతం మిట్ట మీద రాత్రంతా నాటకం చూసి పెరిగిన తాతలు వీళ్ళు. నోరు తెరిస్తే గంట చెబుతారు. అరగంట చాలని ముందే నెమ్మదిగా చెప్పుకోండి. తర్వాత పిల్లలు ఒక్కో చెట్టు పేరు, ఆకు బొమ్మ, ఏ భాగం వాడతారో ఒక్కో కాగితం మీద రాస్తారు. పరిసరాల విజ్ఞానంలో మొక్కల పాఠం అయిపోయినట్టే. ఆకులు తెచ్చినా ఎవరూ నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి.

గురువారం పెద్ద తరగతులకు కలంకారీ. శ్రీకాళహస్తి మన పక్కనే ఉంది, ఒక్క గుడ్డ ముక్కతో బోలెడంత సైన్సు చూపించవచ్చు. కరక్కాయ పొడి కలిపిన పాలలో నూలు గుడ్డను ముంచి ఆరబెడతారు. పాత ఇనుము, బెల్లం నీళ్ళలో రెండు మూడు వారాలు నానితే వచ్చే నీళ్ళే నల్లరంగు, దాన్ని కసిం అంటారు. వెదురు పుల్లను చెక్కి, పైన గుడ్డ పీలికో ఉన్నో చుట్టి దారంతో కడితే కలం. వేళ్ళతో నొక్కితే రంగు దిగుతుంది. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీత పల్చగా పడి, చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి ఆ నలుపు వస్తుంది. మీరు మూడు గుడ్డలు పెట్టండి. ఒకటి ఏమీ పట్టించనిది, ఒకటి కరక్కాయ నీళ్ళు మాత్రమే పట్టించింది, ఒకటి పాలు కూడా కలిపింది. మొదటిదాని మీద నలుపు సరిగా రాదు. రెండోదాని మీద వస్తుంది గానీ గీత పక్కలకు పాకుతుంది. మూడోదాని మీద నిలుస్తుంది. పాలు ఎందుకు అని పిల్లలు వాళ్ళంతట వాళ్ళే చెప్పేదాకా ఆగండి. దేవుళ్ళ బొమ్మలే గీయాలని లేదు. వాళ్ళింటి ఆవును గీయనివ్వండి, మామిడికాయ గీయనివ్వండి. ఒక్క జాగ్రత్త: ఆ మరక యూనిఫాం మీద పడితే పోదు. ఇంటి నుంచి పాత చొక్కా తెచ్చుకుని పైన వేసుకోమనండి, పని కాగానే చేతులు సబ్బుతో కడిగించండి.

వేషాల సంగతి. హరిదాసు, గంగిరెద్దులవాడి వేషాలు వేయించాలని మీ హెచ్ఎం గారికి ఉంటే అడ్డు చెప్పనక్కర్లేదు. కానీ అద్దె డ్రస్సుల కోసం ఇంటికి ఇన్ని వందలు తెమ్మని మాత్రం అడగనివ్వకండి. కూలికి పోయే తల్లికి ఆ డబ్బు ఒక రోజు కష్టం. తేలేని పిల్ల ఆ రోజు కడుపునొప్పి అని ఇంట్లో ఉండిపోతుంది, కారణం మీకెవరూ చెప్పరు. ఇంట్లో ఉన్న ఉతికిన బట్టలతో రమ్మనండి. అమ్మ పాత చీర ఒకటి చాలు. పైగా పండగ నెల్లో గంగిరెద్దులవాళ్ళు ఎలాగూ ఊళ్ళోకి వస్తారు. ఒకాయన్ని పావుగంట బడి గేటు దగ్గరికి పిలిచి, ఎద్దును ఎలా నేర్పుతారు, ఎక్కడి నుంచి వచ్చారు అని పిల్లల చేత అడిగించి, మనం ఇంట్లో ఇచ్చినట్టే బియ్యమో డబ్బో ఇచ్చి పంపండి. వేషం కంటే మనిషే మేలు.

శుక్రవారం చివరి రెండు గంటలు తల్లిదండ్రులకు. మొదటి గంట వరండాలో. ఉప్పుచెక్క కాగితాలు ఒకచోట, కలంకారీ గుడ్డలు ఒకచోట, నీడ కర్ర బయట, ముగ్గు మధ్యలో. ప్రతి పిల్లా తాను చేసిన దాని పక్కన నిలబడి, వచ్చినవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. చివరి గంట పాటలు, ఆటలు. ఆ నలుగురి డాన్సు ఒకటి పెట్టండి, వాళ్ళకూ సంబరమే. మిగతా సమయమంతా 34 మందీ కలిసే గొబ్బిపాట, కోలాటం. దానికి వారమంతా రోజూ చివరి అరగంట ప్రాక్టీసు సరిపోతుంది. మైకు అక్కర్లేదు. ఉపన్యాసాలు కూడా హెచ్ఎం గారి మాట ఒక్కటి చాలు. పిల్లలు ఎండలో గంటసేపు కూర్చుని అతిథుల కోసం ఎదురుచూడడం నేను చాలాచోట్ల చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను.

ఇక హెచ్ఎం గారికి ఎలా చెప్పాలన్నది. అభ్యంతరంగా కాకుండా ప్లానుగా తీసుకెళ్ళండి. ఒక తెల్లకాగితం మీద రోజు, పని, ఏ సబ్జెక్టు, ఏ పాఠం అని నాలుగు గళ్ళు గీసి నింపండి. మీ లెసన్ ప్లాన్‌లో కూడా అలాగే రాసుకోవచ్చు: సోమవారం కూడిక, సౌష్ఠవం, మంగళవారం లేఖ, బరువులు, బుధవారం మొక్కలు. 'సార్, మీరు చెప్పిన వారోత్సవమే, సిలబస్ కూడా ఆగకుండా ఇలా చేద్దామా?' అని అడగండి. ఆయన మీద కూడా ఫోటోలు పంపాలి, రిపోర్టు ఇవ్వాలి అనే ఒత్తిడి ఉంటుంది. ఈ పద్ధతిలో రోజుకో ఫోటో దొరుకుతుంది, అందులో అందరు పిల్లలూ ఉంటారు. నాలుగు, ఐదు తరగతుల్లో నీడ కర్ర పని ఆయన్నే చూడమనండి. చేతిలో ఒక పని ఉంటే ఆయనకూ ఇది తన కార్యక్రమం అనిపిస్తుంది. స్టేజీ పెద్దదిగా ఉండాల్సిందే అని ఆయన పట్టుబడితే వాదించకండి. స్టేజీ మీదికి ఎక్కే ప్రతిదాంట్లో పిల్లలందరూ ఉండాలి, రిహార్సల్ చివరి పీరియడ్‌లోనే ఉండాలి అనే రెండింటి మీద మాత్రం నిలబడండి. కొత్తవాళ్ళైనా ఇంతవరకు అడిగే హక్కు మీకుంది.

అన్నీ చేయలేకపోతే గంగిరెద్దును వదిలేయండి, గురువారం కలంకారీని కూడా వదిలేయవచ్చు. ముగ్గునూ ఉత్తరాలనూ మాత్రం వదలకండి. మీ మూడో తరగతికి కావలసింది ఆ రెండింట్లోనే ఉంది. కలంకారీ కూడా పెట్టుకునేట్టయితే ఈ జవాబు చదివిన రోజే తుప్పు మేకులు గుప్పెడు, బెల్లం గడ్డ ఒకటి నీళ్ళలో వేసి, మట్టికుండలో గుడ్డ కప్పి బడి వెనకాల పిల్లలకు అందనిచోట పెట్టండి. జనవరికి రెండు మూడు వారాలే ఉంది, ఆలస్యమైతే నలుపు దిగదు. వాసన వస్తుంది, వంట అక్కకు ముందే చెప్పి పెట్టుకోండి.